ఇల్లంతా ఒక్క లైసెన్సు మీదే: నార్త్ కరోలినాలో ఒక టీచరమ్మ కుటుంబం (కేస్ స్టడీ)

అమెరికా ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పడానికి జె-1 వీసా మీద వెళ్లే మన టీచర్లకు, వాళ్ల కుటుంబాలకు నేను హైదరాబాద్ నుంచి సలహాలిస్తుంటాను. వెళ్లే ముందు శిక్షణ ఇస్తాను, వెళ్లాక వీడియో కాల్‌లో అందుబాటులో ఉంటాను. నేను డాక్టర్ని కాదు. డిప్రెషన్ లాంటిది ఉందేమోనని అనుమానం వస్తే వెంటనే అక్కడి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

క్లాసులో పిల్లలు వినడం లేదు, ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాను అంటూ ఫోన్ చేసే టీచర్లు నాకు ప్రతి ఏటా తగులుతారు. వాళ్లలో చాలామందికి అసలు బరువు క్లాసులో కాదు, ఇంట్లో ఉంటుంది. ఇంట్లో బరువును సర్దడం సాధ్యమేనని ఈ కేసు చూపిస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

కుటుంబం

పద్మజది హనుమకొండ. వెళ్లేనాటికి 39 ఏళ్లు. ఎమ్మెస్సీ మాథ్స్, బీఈడీ చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో 12 ఏళ్లు పనిచేసింది. భర్త శ్రీధర్ మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో అకౌంట్స్ మేనేజరు, 44 ఏళ్లు. కూతురు హాసిని అక్కడ తొమ్మిదో తరగతిలో, ఏడేళ్ల కొడుకు రెండో తరగతిలో చేరారు.

జె-1 టీచరు వీసాకు సంబంధిత డిగ్రీ, కనీసం రెండేళ్ల బోధనానుభవం కావాలి. మొదట మూడేళ్లు ఉండనిస్తారు. స్కూలు, స్పాన్సరు (ఈ వీసా ప్రోగ్రామ్ నడిపే అమెరికా సంస్థ) ఒప్పుకుంటే ఆ తర్వాత ఒకటి లేదా రెండేళ్లు పొడిగించుకోవచ్చు. భార్య లేదా భర్త, పిల్లలు జె-2 మీద వెళ్తారు. 2022 జూలై చివర్లో నలుగురూ కలిసే వెళ్లారు. ఏజెన్సీ ఫీజు, వీసాలు, టికెట్లు, అపార్ట్‌మెంట్ అడ్వాన్సు, ఒక సెకండ్ హ్యాండ్ కారు, అన్నీ కలిపి దాదాపు 14 లక్షలయ్యాయి. అందులో 9 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవే. ఈ వడ్డీని చదివేవాళ్లు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నిటి మీదా దాని నీడ ఉంది.

వాళ్లు వెళ్లింది నార్త్ కరోలినా తూర్పు భాగంలో, ఐ-95 హైవేకి దగ్గర్లో ఉన్న చిన్న టౌనుకు. చుట్టూ పత్తి, పొగాకు, చిలగడదుంప చేలు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ చిలగడదుంప పండే రాష్ట్రం అదే. టౌన్లో సిటీ బస్సు లేదు, చాలా రోడ్లకు ఫుట్‌పాత్ కూడా లేదు. కందిపప్పు, కరివేపాకు కావాలంటే అదే రాష్ట్రంలోని కేరీ పట్టణం దాకా పోవాలి, పోను రాను మూడున్నర గంటల డ్రైవింగ్. కేరీలో మనవాళ్లు వేలల్లో ఉంటారు, వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. దాని 87 అడుగుల రాజగోపురం 2022 అక్టోబరులో ప్రారంభమైంది. ఆ ఫొటోలు వాట్సాప్‌లో చూసి హైదరాబాద్ చుట్టాలు "మీకేంటి, పక్కనే గుడి" అన్నారట. ఊరికి వంద మైళ్ల దూరంలో ఉన్న గుడి అది.

నా దగ్గరికి వచ్చినప్పుడు

2022 నవంబరు. పద్మజ ఫోన్లో మొదటి మాటే "మేడమ్, రిజైన్ చేస్తే ఏమవుతుంది?" అని. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నిద్ర నాలుగైదు గంటలే అంది. తొమ్మిదో తరగతికి మాథ్ 1 చెబుతోంది. ఆ సబ్జెక్టుకు రాష్ట్రస్థాయి పరీక్ష ఉంటుంది, కోర్సు చివరి గ్రేడులో కనీసం 20 శాతం దాని నుంచే వస్తుంది. అందుకే ప్రిన్సిపల్ నుంచి పిల్లల దాకా అందరి కళ్లూ ఆ క్లాసు మీదే. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు, ఆమె మాట్లాడే తీరును వెక్కిరిస్తున్నారు, ఒక కుర్రాడు పాఠం మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇక్కడ ఆమె క్లాసులోకి అడుగుపెడితే 45 మంది లేచి నిలబడేవాళ్లు.

అడిగినదానికి ముందు సూటిగా జవాబిచ్చాను. మధ్యలో వదిలేస్తే వీసా ప్రోగ్రామ్ అక్కడితో ముగుస్తుంది. ప్రోగ్రామ్ పూర్తి చేసినవాళ్లకు సామాన్లు సర్దుకోవడానికి ఇచ్చే 30 రోజుల గడువు మధ్యలో మానేసినవాళ్లకు వర్తించదు. జె-2 మీద ఉన్న ముగ్గురూ ఆమెతోపాటే బయల్దేరాలి. భయపెట్టడానికి చెప్పలేదు. నిర్ణయం తనదే, అయితే సంక్రాంతి దాటేదాకా తీసుకోవద్దు, ఈలోపు కొన్ని మార్చి చూద్దాం అన్నాను. ఒప్పుకుంది.

మంగళవారం కాగితం

ప్రతి కుటుంబంతోనూ నేను ఒక పని చేయిస్తాను. ఏదో ఒక మంగళవారం తీసుకుని, పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఎవరు ఏం చేశారో గంట గంటకూ రాయమంటాను, ఒక్కొక్కరికి ఒక్కో గడి. సోమవారం, శుక్రవారం వద్దంటాను, ఆ రోజుల నడక వేరుగా ఉంటుంది. పద్మజ గడి ఇలా ఉంది:

4:45 లేవడం, నాలుగు డబ్బాలకు వంట. 6:00 అత్తగారికి వీడియో కాల్ (ఇక్కడ సాయంత్రం నాలుగున్నర). 6:50 హాసినితో కారులో బయల్దేరడం. 7:20 కారిడార్ డ్యూటీ. 7:50 నుంచి 90 నిమిషాల క్లాసులు. భోజనానికి దొరికిన 25 నిమిషాల్లో ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్, 19 నిమిషాలు లైన్లో వెయిటింగ్, తినలేదు. 3:30 మీటింగ్. 4:45 హాసిని బ్యాండ్ ప్రాక్టీస్ అయ్యేదాకా కారులో కూర్చుని పేపర్లు దిద్దడం. 5:30 వాల్‌మార్ట్. 6:15 ఇల్లు, అప్పటికే చీకటి. 7:30 చిన్నోడి స్కూలు నుంచి వచ్చిన ఈమెయిళ్లు, డెంటిస్టు అపాయింట్‌మెంట్, కరెంటు బిల్లు. 9:00 రేపటి పాఠం. 12:10 పడక.

శ్రీధర్ గడిలో నాలుగే పంక్తులు. గిన్నెలు కడగడం, పిల్లాణ్ని స్కూల్ బస్సు దగ్గర ఎక్కించడం, సాయంత్రం దించుకోవడం, రాత్రికి అన్నం వండటం. మధ్యలో 8:10 నుంచి 3:20 దాకా ఒకే మాట రాసి ఉంది: "ఇంట్లో".

ఇది చూసి ఆయన్ని బద్ధకస్తుడు అనుకుంటే కేసు అర్థం కానట్టే. కారుతో పనిబడేవన్నీ, ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడాల్సినవన్నీ, సంతకం పెట్టాల్సినవన్నీ పద్మజ గడిలోకే చేరాయి. డ్రైవింగ్ లైసెన్సు ఆమెకొక్కతికే ఉంది, ఉన్న ఒక్క కారూ పగలంతా స్కూలు పార్కింగ్‌లోనే. ఆయనకు పని లేదు, ఆమెకు ఊపిరి సలపదు. నలుగురి బతుకూ ఒక్క లైసెన్సు మీదే నడుస్తోంది.

శ్రీధర్‌తో విడిగా మాట్లాడాను. మొదట్లో పొడిపొడిగా జవాబిచ్చాడు. మూడోసారో నాలుగోసారో విషయం బయటికొచ్చింది. ఒకరోజు ఇంట్లో ఉండలేక పాలు తెద్దామని హైవే పక్క గడ్డిలో నడుచుకుంటూ వెళ్లాడు. ఒక ముసలావిడ కారు ఆపి, మీ బండి చెడిపోయిందా, ఎక్కడైనా దింపాలా అని అడిగింది. ఆమె మంచితనంతోనే అడిగింది. "అక్కడ మనిషి నడిస్తే ఏదో ఆపద వచ్చిందనుకుంటారు మేడమ్. ఆ రోజునుంచి బయటికి పోబుద్ధి కాలేదు" అన్నాడు. హైదరాబాద్‌లో 18 మందితో పని చేయించిన మనిషి. చుట్టాలు ఫోన్ చేసి "బావగారూ, ఏం చేస్తున్నారు అక్కడ?" అంటే ఏదో ఒకటి చెప్పి ఫోన్ పద్మజకు ఇచ్చేసేవాడు.

ఆయనకు డ్రైవింగ్ మీద భయం. ఇక్కడ ఇరవై ఏళ్లు బైకే నడిపాడు. ఎడమ చేతి స్టీరింగు, కుడివైపు నడక, పైగా ఏదైనా తగిలితే ఇన్సూరెన్సు పెరుగుతుందన్న టెన్షన్. నూటికి రెండు రూపాయల వడ్డీ నెత్తిమీద ఉండగా రెండో కారు మాట ఎత్తడం కూడా తప్పన్నట్టు ఇద్దరూ ఉండిపోయారు. మూడేళ్లు ఎలాగో గడిపి అప్పు తీర్చి, నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చేద్దాం అనుకున్నారు. ఆ లెక్కలో శ్రీధర్ రోజుకు విలువ వేయలేదు, పద్మజ నిద్రకూ వేయలేదు.

ఏం చేశాం

మొదటి పని శ్రీధర్ లైసెన్సు. భార్య దగ్గర నేర్చుకోవద్దని గట్టిగా చెప్పాను. అలసిపోయిన మనిషి పక్క సీట్లో కూర్చుని నేర్పితే ఇద్దరికీ గొడవే. పద్మజకు స్కూల్లో మెంటర్‌గా ఉన్న సీనియర్ టీచరుని అడగమన్నాను. అలా అడగడం చిన్నతనం అనుకుంది. అడిగింది. ఆవిడ భర్త రిటైరైన రైతు, ఒకప్పుడు పొగాకు పండించినాయన. శనివారాలు వాళ్ల చర్చి ఖాళీ పార్కింగ్‌లో తన పాత పికప్ ట్రక్కు మీద శ్రీధర్‌కు నేర్పాడు. రాత పరీక్షలో 25 ప్రశ్నలకు 20 సరిగ్గా రాయాలి, దాంతో ఇబ్బంది లేకపోయింది. రోడ్డు గుర్తుల పరీక్షా గట్టెక్కింది. ఆయన్ని బాగా బెదరగొట్టింది స్కూల్ బస్సు నియమం: రెండు వరుసల రోడ్డు మీద ఎర్రలైట్లు వేసుకుని బస్సు ఆగితే ఎదురుగా వచ్చే బండి కూడా ఆగి తీరాలి. ఫిబ్రవరిలో రోడ్డు టెస్టు పాసయ్యాడు.

రెండోది ఆయన వర్క్ పర్మిట్. జె-2 మీద ఉన్న భార్యాభర్తలు ఐ-765 ఫారంతో పని అనుమతి అడగొచ్చు. ఒక షరతుంది: జె-1 మనిషి పోషణకు ఆ డబ్బు అవసరం అని రాయకూడదు. కుటుంబం తిరగడానికి, వినోదానికి, పిల్లల సరదాలకు అని రాయాలి. అప్పు తీర్చడానికని రాసి పంపబోతుంటే ఆపాను. కార్డు మే నెలలో వచ్చింది.

మూడోది మరీ చిన్నగా కనిపిస్తుంది, కానీ వెంటనే ఫలితం ఇచ్చింది అదే. ఇన్సూరెన్సు, కరెంటు, అపార్ట్‌మెంట్ ఆఫీసు, చిన్నోడి స్కూలు, ఈ నాలుగు చోట్లా శ్రీధర్ పేరు, ఫోన్ నంబరు చేర్పించాం. ఆయన ఇంగ్లిష్ చదువుతాడు, రాస్తాడు, ఫోన్లో మాట్లాడాలంటే మాత్రం తడబడతాడు. నాతో రిహార్సల్ చేశాడు: పుట్టిన తేదీ, పాలసీ నంబరు, "కొంచెం మెల్లగా చెప్పండి", "అది ఈమెయిల్‌లో పంపగలరా". మొదటి కాల్‌కే పట్టుబట్టి డెంటల్ బిల్లు తగ్గించుకున్నాడు. అకౌంట్స్ మనిషి, తప్పు లెక్క కనబడితే వదలడు. ఆ రోజు భార్యకు ఫోన్ ఇవ్వకుండా తనే నాతో అరగంట మాట్లాడాడు.

క్లాసు సంగతి. ఇంట్లో భారం తగ్గాక పద్మజ దీని మీద మనసు పెట్టగలిగింది. మన దగ్గర టీచరు అంటేనే ఒక గౌరవం, కుర్చీతోపాటు వస్తుంది. అక్కడ దాన్ని ప్రతి పిల్లాడి దగ్గరా విడిగా సంపాదించుకోవాలి. ఆమె మెంటరు చెప్పిన పద్ధతినే నేనూ సమర్థించాను. పిల్లలు వచ్చేసరికి బోర్డు మీద చిన్న లెక్క ఉండాలి, మొదటి ఐదు నిమిషాలు దానికే. సీట్లు ఆమే నిర్ణయించాలి. పిల్లాడు తప్పు చేసినప్పుడు కాకుండా, బాగా చేసినప్పుడు ముందు ఇంటికి ఫోన్ చేయాలి. ఇది ఆమెకు వింతగా తోచింది. బాగా చేస్తే ఫోన్ ఎందుకు అంది. లేచి వెళ్లిపోయిన కుర్రాడి అమ్మమ్మకు ఫోన్ చేసి, "ఈరోజు మీవాడు రెండు సమీకరణాలు తనంతట తనే సాధించాడు" అని చెప్పింది. స్కూలు నుంచి మంచి మాట చెప్పడానికి ఫోన్ రావడం ఇదే మొదటిసారి అందట ఆవిడ. ఆ తర్వాత ఆ కుర్రాడు చదువుల పుట్టేమీ కాలేదు, కానీ మధ్యలో లేచి పోవడం మానేశాడు. రాష్ట్ర పరీక్షలో ఆమె క్లాసు ఫలితాలు స్కూలు సగటుకు దగ్గరగా వచ్చాయి. మొదటి ఏడాదికి అది తక్కువేమీ కాదు.

పిల్లలు

చిన్నోడి విషయంలో ఒక అపార్థాన్ని తీర్చాల్సి వచ్చింది. అడ్మిషన్ ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాశారు, నిజమే కాబట్టి. దాంతో స్కూలు వాడికి ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెట్టి, రోజూ కొంతసేపు ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం పిల్లాడు, వాడికి ఇంగ్లిష్ రాదంటారా అని ఇంట్లో పెద్ద బాధ. ఇంటి భాష ఇంగ్లిష్ కాని పిల్లలందరికీ ఆ పరీక్ష పెట్టాలన్నది అక్కడి నియమమని, ఆ తరగతిలో ఆరుగురికి ఒక టీచరు ఉంటే నష్టమేమీ లేదని చెప్పాను. వాడు ఏడాదిన్నరలో బయటపడ్డాడు. ఇప్పుడు వాడి సమస్య తిరగబడింది, నాయనమ్మతో తెలుగులో మాట్లాడమంటే రెండు మాటలకే ఫోన్ వదిలేస్తాడు.

హాసినిది గట్టి దెబ్బ. అమ్మ పనిచేసే స్కూల్లోనే చదువు. క్యాంటీన్లో పక్క బెంచీ పిల్లలు వాళ్లమ్మ మాటతీరును అనుకరిస్తూ నవ్వుతుంటే విన్నది. ఎవరి కూతురో వాళ్లకు తెలుసో లేదో. ఆ రోజునుంచి లైబ్రరీలో తింటోంది. అమ్మకు చెప్పలేదు. నాకు చెప్పింది: "ఆంటీ, మమ్మీకి చెబితే ఏడుస్తుంది. నేను కూడా లోపల నవ్వాను ఒకసారి." చివరి మాటే ఆ పిల్లను తినేస్తోంది. తను చెప్పమనేదాకా తల్లికి చెప్పనని మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. ఆ పిల్ల ఒంటరిగా తినకుండా ఉండే దారి మాత్రం వెతికాం. బ్యాండ్‌లో క్లారినెట్ వాయించే ఇద్దరు అమ్మాయిలు దొరికారు. వేసవిలో కారులో కేరీ వెళ్తుండగా తనే తల్లికి చెప్పేసిందట. పద్మజ ఏడవలేదు. "నా ముందు కూడా అనుకరిస్తారే, నాకు తెలుసు" అందట.

డబ్బు

ఇది త్వరగా చెబుతాను, కానీ వెళ్లబోయేవాళ్లు జాగ్రత్తగా చదవండి. పద్మజ జీతం నెలకు 4,700 డాలర్ల దరిదాపు, పది నెలలకే. వేసవిలో జీతం ఉండదు. అదే మొత్తాన్ని పన్నెండు భాగాలుగా తీసుకునే వీలుందేమో చేరగానే అడగాలి, లేదా నెలనెలా ఆరో వంతు పక్కన పెట్టాలి. డాలర్‌ను రూపాయల్లోకి మార్చి చూసుకుంటే నాలుగు లక్షలకు దగ్గరగా కనిపిస్తుంది. అద్దె, కారు, కుటుంబం ఇన్సూరెన్సు పోయాక మిగిలేదే అసలు జీతం.

రెండోది పన్ను. "టీచర్లకు రెండేళ్లు టాక్స్ ఉండదు" అని తోటి టీచరు చెప్పగా పద్మజ పన్ను మినహాయింపు కోరే ఫారం ఇచ్చేసింది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 22వ అధికరణంలో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అక్కడ ఉండటం రెండేళ్లు దాటితే మొత్తం కాలానికీ అది రద్దవుతుంది, మొదటి రోజునుంచీ పన్ను కట్టాల్సి వస్తుంది. మూడేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్లకు ఇది ఉరితాడే. ఆమెను జె-1 రిటర్నులు తెలిసిన పన్ను నిపుణుడి దగ్గరికి పంపాను. మినహాయింపు వెనక్కి తీసుకుని, బాకీ కట్టేశారు. మొదటి ఏడాదిలోనే బయటపడింది కాబట్టి సరిపోయింది. ఇంకొకటి: సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి ప్రభుత్వ పెన్షన్, వృద్ధుల ఆరోగ్య బీమా) కోసం జీతంలో కోసే 7.65 శాతం మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు ఉండదు. 2022 ఆగస్టులో చేరినా ఆ ఏడాది ఒక సంవత్సరం కిందే లెక్క. అందుకే 2024 జనవరి నుంచి చేతికొచ్చే జీతం తగ్గింది. ముందే చెప్పి ఉంచాను గనుక కంగారు పడలేదు.

ఇది రాసేనాటి పరిస్థితి (2025 మొదట్లో)

శ్రీధర్ 2023 వేసవిలో హైవే పక్క ఒక మోటెల్‌లో చేరాడు. యజమానులు గుజరాతీలు. మొదట రాత్రి డెస్కు, నాలుగు నెలల తర్వాత వాళ్లకున్న మూడు మోటెళ్ల లెక్కలు. అతని సంపాదనతో రెండో కారు వచ్చింది, హాసిని బ్యాండ్ ట్రిప్పులు నడుస్తున్నాయి, నెలకోసారి కేరీ వెళ్లి వస్తారు. వడ్డీ అప్పు 2024 మార్చికి తీరింది. రెండో ఏడాది మంగళవారం కాగితంలో పద్మజ 5:45కి లేచి 10:30కి పడుకుంది. ఉదయం అత్తగారికి ఫోన్ చేసేది ఇప్పుడు శ్రీధర్.

తీరనివి ఉన్నాయి. 2024 చివర్లో అత్తగారి తుంటి ఎముక విరిగింది. స్కూలు మధ్యలో పద్మజకు సెలవు దొరకలేదు, శ్రీధర్ ఒక్కడే వచ్చి మూడు వారాలుండి వెళ్లాడు. ఆ బాధ ఇద్దరిలోనూ ఉంది, దాన్ని నేను తీర్చగలిగేది కాదు.

ఇంకోటి పొడిగింపు. మూడేళ్లు 2025 వేసవితో అయిపోతాయి. అప్పటికి హాసిని పదకొండో తరగతే పూర్తిచేస్తుంది. ఏడాది పొడిగిస్తే హైస్కూల్ డిప్లొమా చేతికొస్తుంది. ఆ తర్వాత అక్కడే కాలేజీ అంటే ఎఫ్-1 (స్టూడెంట్) వీసా, ఆ ఫీజులు వేరే లెక్క. హాసిని ఉందామంటోంది. శ్రీధర్ తల్లి కోసం వచ్చేద్దామంటున్నాడు, ఆ మాట అంటూనే మోటెల్ వాళ్లకు ఇంకా చెప్పలేదు. పద్మజకు స్కూలు కాంట్రాక్టు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. పొడిగింపు దరఖాస్తు, మొదటి మూడేళ్ల గడువు ముగియడానికి కనీసం మూడు నెలల ముందే స్పాన్సరు ద్వారా వెళ్లాలి కాబట్టి, ఫిబ్రవరి ఆఖరుకల్లా ఏదో ఒకటి తేల్చుకోమన్నాను. అత్తగారిని చూసుకోవడానికి హనుమకొండలో మనిషి దొరుకుతుందా, ఇంటర్‌లో చేరాలంటే హాసినికి ఏ సర్టిఫికెట్లు కావాలి, ఈ రెండూ కనుక్కునే పని శ్రీధర్ తీసుకున్నాడు.